నీ టైంటేబుల్ చూశాక రాస్తున్న ఉత్తరం

ఖమ్మం,
ఆదివారం

చిట్టితల్లికి పెదనాన్న దీవెనలు.

నువ్వు వాట్సాప్‌లో పంపిన రెండు ఫొటోలూ చూశాను. ఒకటి ఓపెన్ యూనివర్సిటీలో డిగ్రీ ఫీజు కట్టిన రసీదు. అది చూడగానే మీ పెద్దమ్మని వంటింట్లోంచి కేకేసి పిలిచి చూపించాను. నీ పెళ్ళప్పుడు "డిగ్రీ పెళ్ళయ్యాక చదివిస్తాం లెండి" అన్నారు అందరూ. ఎవరూ చదివించలేదు. చివరికి బ్లౌజులు కుట్టిన డబ్బులతో నీ ఫీజు నువ్వే కట్టుకున్నావు. మీ పెద్దమ్మ ఆ రసీదు ఫొటో ముందుకీ వెనక్కీ జరిపి జరిపి చూసింది.

రెండోది టైంటేబుల్. అది చూశాక మాత్రం నాకు నిద్ర పట్టలేదు.

ఫోన్ చేసి చెబుదామనుకున్నాను. చెబితే నువ్వు "సరే పెదనాన్నా, సరే పెదనాన్నా" అంటావు, అవతల మిషన్ చప్పుడు వినబడుతూనే ఉంటుంది. అందుకే కాగితం తీశాను. చేతిరాత వంకరపోయింది, కాస్త ఓపిగ్గా చదువుకో.

ముందు మామూలు సంగతులు చెప్పేస్తాను. పుస్తకాలు చేతికి రాగానే లెక్క చూసుకో, ఏదైనా తక్కువైతే ఆ వారమే వెళ్ళి అడుగు. రసీదులు, ఐడీ కార్డు ఒకే ఫైల్లో పెట్టి పిల్లలకి అందనంత ఎత్తులో ఉంచు. ఆదివారం క్లాసులకి కుదిరినప్పుడల్లా వెళ్ళు. వైరా నుంచి ఖమ్మం ఏమంత దూరం? పైగా 2023 డిసెంబరు నుంచి మీ ఆడవాళ్ళకి పల్లె వెలుగైనా ఎక్స్‌ప్రెస్సయినా జీరో టికెట్టే కదా. ఆధార్ కార్డు మర్చిపోయి కండక్టర్‌తో వాదన పెట్టుకోకు, ఆ కిక్కిరిసిన బస్సులో అతని బాధలు అతనికుంటాయి. పరీక్ష ఫీజు మాత్రం చివరి తేదీ దాకా ఆపొద్దు. చివరి రోజు సర్వర్ పనిచేయదు. ఇది గోడ మీద రాసి పెట్టుకున్నా తప్పులేదు.

ఇక అసలు సంగతి.

తెల్లవారుజామున నాలుగున్నరకి లేచి రెండు గంటలు రాజనీతిశాస్త్రం. మధ్యాహ్నం పిల్లలు బడిలో ఉండగా చరిత్ర. రాత్రి పది నుంచి పదకొండున్నర దాకా ఇంగ్లీషు. ఆదివారం గడిలో 'రివిజన్' అని పెట్టి చుట్టూ చిన్న చిన్న పూలు గీశావు. ఎర్ర స్కెచ్చు, ఆకుపచ్చ స్కెచ్చు. ఎంత ముచ్చటగా ఉందో! ఆ ముచ్చట చూసే నా గుండె గుభేలుమంది. ఇలాంటిది ఇంతకు ముందు ఒకసారి మన ఇంట్లోనే చూశాను. రంగులు కూడా అవే.

మీ నాన్న చదువు సంగతి నీకెవరూ పూర్తిగా చెప్పి ఉండరు. వాడు అసలే చెప్పడు. నేను చెబుతాను విను.

1987లో మేమిద్దరం కలిసే డిగ్రీలో చేరాం. ఓపెన్ యూనివర్సిటీని 1982లో హైదరాబాదులో పెట్టారు. దేశంలో అలాంటిది అదే మొదటిది, ఢిల్లీలో ఇందిరాగాంధీ పేరుతో ఉన్నది దాని తర్వాత మూడేళ్ళకి వచ్చింది. అంబేడ్కర్ పేరు 1991లో పెట్టారు. మేం చేరేటప్పటికి దాని పేరు ఆంధ్రప్రదేశ్ సార్వత్రిక విశ్వవిద్యాలయం. ఉద్యోగం చేసుకుంటూ, తెలుగులో అచ్చేసిన పుస్తకాలు చదువుకుని డిగ్రీ తెచ్చుకోవచ్చంటే నేను కండక్టరుగా చేసే బస్సు డిపోలో సగం మంది నమ్మలేదు. నాకు ఇంటర్ లేదు, అర్హత పరీక్ష రాసి చేరాను. మీ నాన్నకి ఇంటర్ ఉంది, అదీ ఫస్ట్ క్లాసు. మా ఇద్దరిలో తెలివైనవాడు ఎప్పుడూ వాడే.

అప్పటికి వాడు మిర్చి యార్డులో ఒక కమీషన్ దుకాణంలో గుమాస్తా. కాటా దగ్గర తూకాలు పిలుస్తుంటే వాడు నోటితోనే కూడుకుంటూ పోయి చివరి బస్తా దిగేసరికి మొత్తం చెప్పేసేవాడు. చదువులో చేరిన వారమే పాత క్యాలెండరు అట్ట వెనకవైపు టైంటేబుల్ రాశాడు. ఇంగ్లీషుకి ఎరుపు, ఆర్థికశాస్త్రానికి ఆకుపచ్చ. వడ్ల గాదె పైన మేకు కొట్టి తగిలించాడు. నెల రోజులు నాలుగింటికి లేచాడు. వాడితోపాటు మీ నాయనమ్మా లేచి టీ పెట్టేది. "మా చిన్నోడు కలెక్టరవుతాడు" అని ఆవిడ పాలవాడితో కూడా చెప్పింది.

సంక్రాంతి దాటింది. మిర్చి రావడం మొదలైంది. సీజన్లో యార్డు ఎలా ఉంటుందో నీకు తెలుసు కదా, తెల్లారకముందే బళ్ళు బారులు తీరతాయి. వాడు ఏ అర్ధరాత్రో ఇంటికొచ్చేవాడు. ఒళ్ళంతా ఘాటు, కళ్ళు ఎర్రగా మండుతుండేవి. చన్నీళ్ళతో కళ్ళు కడుక్కుని, అన్నం కూడా సగం తిని పడుకునేవాడు. పుస్తకం తెరవలేదు. ఒక రోజు, రెండ్రోజులు, అలా మూడు వారాలు గడిచిపోయాయి.

ఇక్కడి దాకా వాడి తప్పేం లేదు. ఆ పని చేసేవాడు ఎవడైనా అంతే.

తప్పు ఆ తర్వాత జరిగింది. మూడు వారాలు పోయాయి కదా అని పాత అట్ట తీసేసి కొత్తది రాశాడు. పోయిన మూడు వారాల పాఠాలూ మిగిలిన రోజుల్లోకి సర్దాడు. మొదటి అట్టలో రోజుకి మూడు గంటలుంటే కొత్తదాంట్లో అయిదున్నరయ్యాయి. మూడు గంటలకే కుదరని మనిషికి అయిదున్నర ఎక్కడ కుదురుతాయి? రెండ్రోజులు కూర్చున్నాడు, మళ్ళీ పోయింది. మళ్ళీ ఇంకో అట్ట. ప్రతి అట్టా ముందుదానికంటే అందంగా ఉండేది. ప్రతిసారీ రాసిన రోజు వాడి ముఖంలో వెలుగు చూడాలి, పరీక్ష పాసైపోయినంత సంతోషం.

పరీక్షలొచ్చాయి, రాశాడు. ఇంగ్లీషు పోయింది. నాకూ అదే పేపరు పోయింది. నేను మళ్ళీ ఫీజు కట్టాను. వాడు కట్టలేదు. "ఒక్క పేపరు కోసం వెళ్ళడమేంటన్నా, అరకొరగా? వచ్చే ఏడు అన్నీ కలిపి ఒక్క ఊపులో ఊడ్చేస్తా" అన్నాడు. ఆ మాట వినడానికి ఎంత ధీమాగా ఉందో చూడు. నేనే చేతకానివాడిలా ఒక్క పేపరు రాయడానికి వెళ్తున్నానేమో అనిపించింది నాకు.

తర్వాత నేల మీద కూర్చుంటే నడుము లాగేస్తోంది, టేబుల్ కావాలన్నాడు. మీ తాతయ్య వడ్రంగిని పిలిపించి టేకు టేబుల్ చేయించాడు. టేబుల్ వచ్చాక లైటు చాలడం లేదన్నాడు. లైటు బిగించేసరికి పెళ్ళి కుదిరింది. పెళ్ళయ్యాక కాస్త కుదురుకోవాలన్నాడు, కుదురుకునేసరికి నువ్వు పుట్టావు. నీ బారసాలకి వచ్చిన వాళ్ళెవరో అడిగితే "ఉగాది నుంచి మొదలుపెడుతున్నా" అన్నాడు, నిన్ను ఒళ్ళో పెట్టుకుని. ఏ ఉగాదో చెప్పలేదు. మీ ఇంట్లో టీవీ కింద ఉందే, సొరుగుకి ఇత్తడి పిడి ఉన్న టేబుల్, అదే ఇది. చిన్నప్పుడు నువ్వు ఆ సొరుగులో గాజు పెంకులు దాచుకునేదానివి. వాడి పుస్తకాలేమో మీ అమ్మ తరఫు కుర్రాడొకడు పట్టుకెళ్ళి పాసయ్యాడు.

మీ నాన్న "మానేశాను" అని ఏనాడూ అనలేదు. ఇప్పటికీ అనలేదు. ఎవరూ మానేద్దామని మానేయరు తల్లీ. రేపట్నుంచి సరిగ్గా చేద్దాం అనుకుంటూ మానేస్తారు.

ఈ ఉత్తరం వాడికి చూపించకు. చూపించినా ఫర్వాలేదులే. "అన్న అబద్ధమేం రాయలేదు" అంటాడు, ఆ తర్వాత రెండ్రోజులు నా ఫోనెత్తడు.

అందుకని నీకు చెప్పేదేమిటంటే, పోయిన రోజుని రేపటి నెత్తిన వేయకు. పిల్లకి జ్వరమొచ్చి నాలుగు రోజులు పుస్తకం ముట్టలేదనుకో, అయిదో రోజు అయిదో రోజు పనే చేయి. అసలు అంతకంటే తక్కువ చేయి. ఒక పేజీ చాలు. చాలా రోజుల తర్వాత పుస్తకం తీసినప్పుడు మనకి పాఠం కష్టం కాదు, మొహం చెల్లకపోవడం కష్టం. అటక మీదున్న పుస్తకం మనల్ని చూసి నవ్వుతున్నట్టుంటుంది. ఆ సిగ్గు పోవాలంటే ఘనంగా తిరిగి రాకూడదు, ముహూర్తం పెట్టుకోకూడదు, కొత్త పెన్ను కొనకూడదు. అన్నం తిన్న చేయి కడుక్కుని వచ్చి కూర్చున్నట్టు మామూలుగా వచ్చి కూర్చోవాలి. పోయిన పాఠాలంటావా? కొన్ని తర్వాత వీలు చూసుకుని అందుకుంటావు, కొన్ని అందుకోలేవు. కొన్ని పాఠాలు వదిలేసి కూడా జనం పాసవుతారు. నేను అలా పాసైనవాణ్ణే.

మనవడు మొన్న ఫోన్లో ఏదో చదివి వినిపించాడు. లండన్ యూనివర్సిటీ కాలేజీ వాళ్ళు 96 మందిని తీసుకుని, రోజూ చేసే ఒక చిన్న పని అలవాటుగా మారడానికి ఎన్నాళ్ళు పడుతుందో లెక్కగట్టారట. 2010లో అచ్చయిందట అది. సగటు మనిషికి 66 రోజులు. కొందరికి 18 రోజులకే వచ్చేసింది, కొందరికి 254 దాకా పట్టేలా తేలింది. మనవాళ్ళు 21 రోజులనీ 41 రోజులనీ చెప్పే లెక్కలు ఏమయ్యాయో మరి. ఆ లెక్కల కంటే నాకు నచ్చింది ఇంకొకటుంది. మధ్యలో ఒక రోజు తప్పినంత మాత్రాన అలవాటు పడటంలో చెప్పుకోదగ్గ తేడా రాలేదట. ఈ ముక్క 1988లో ఎవరైనా మీ నాన్న చెవిన వేసి ఉంటే ఎలా ఉండేదో అనుకున్నాను. చెప్పినా వినేవాడా అన్నది వేరే సంగతి.

నాలుగున్నర మాట ముందు కొట్టెయ్. ఇది బతిమాలడం కాదు, కోపంగానే చెబుతున్నాను. రాత్రి పదకొండున్నర దాకా చదివి, పొద్దున్నే నాలుగున్నరకి లేచి, పగలంతా మిషన్ మీద కూర్చుంటావా? తెల్లవారుజాము మొదటి ట్రిప్పుల్లో, రోడ్డు పక్కన చింతచెట్లని గుద్దుకుని నిలబడ్డ లారీలు నా సర్వీసులో ఎన్ని చూశానో. ఆ డ్రైవర్లలో బతికినవాళ్ళు చెప్పే మాట ఒకటే, "కన్ను మూతపడినట్టు కూడా తెలీలేదు" అని. నీ మిషన్‌కి ఈమధ్యే మోటారు కూడా పెట్టించావు. కునుకు పట్టిన క్షణంలో సూది గోటిలోంచి దిగి అవతలికి వస్తుంది. మా వీధి టైలరు వేలు చూశాను నేను, గోరు రెండుగా చీలి అలాగే ఉండిపోయింది. నిద్ర చంపుకుని సాధించేది ఏదైనా సరే, నాకు దాని మీద నమ్మకం లేదు. నిద్రపోయిన వాడికి అరగంటలో ఎక్కేది తూగేవాడికి రెండు గంటలైనా ఎక్కదు.

మరి టైమెక్కడిదంటావా? నీ పనిలోనే ఉంది, పంచాంగం తీసి చూడు. నవ్వకు. మాఘ ఫాల్గుణాల్లో, శ్రావణంలో నీకు తల ఎత్తే తీరిక ఉండదు. పెళ్ళికూతురి మేనత్తలందరి బ్లౌజులూ రేపటికే కావాలి. ఆ నెలల్లో రోజుకి ఒక్క పేజీ, అదీ చీర ఫాల్ కుట్టడానికి కూర్చునే ముందు. అంతకు మించి పెట్టుకోకు. మూఢం వచ్చిందా, ఆషాఢం వచ్చిందా, పుష్యమాసం వచ్చిందా, ముహూర్తాలుండవు, బట్టలు తగ్గుతాయి. చదువు అప్పుడు సాగాలి. మీ నాన్న అట్టల్లో మిర్చి సీజన్‌కీ మిగతా నెలలకీ ఒకటే లెక్క ఉండేది. నీ టైంటేబుల్లో కూడా ఏడాదిలో ప్రతి వారం ఒకేలా ఉంది. ఏ ఇంట్లో ఉంటాయమ్మా అలాంటి వారాలు? ఇప్పుడు మీకు ఏడాదికోసారి కాదు, సెమిస్టర్లు. పరీక్షలు ఏ నెలల్లో పడతాయో తెలియగానే ఆ ముందు నెలకి పెద్ద ఆర్డర్లు ఒప్పుకోకు. కాస్త డబ్బు పోతుంది, పోనీ.

నేనెలా చదివానని అడుగుతావు కాబట్టి చెబుతాను. నాకు పట్టుదల ఎక్కువని మీ పెద్దమ్మ అందరికీ చెబుతుంది, నమ్మకు. నాకు నైట్‌హాల్ట్ డ్యూటీలు పడేవి, ఒక మంచి డ్రైవరు దొరికాడు, అంతే.

ఏన్కూరు అవతల ఒక ఊరికి రాత్రి ఆఖరి బస్సు వెళ్ళి అక్కడే ఆగిపోయేది. మళ్ళీ పొద్దున అయిదింటికి మొదటి ట్రిప్పు. రామాలయం పక్కన బస్సు పెట్టేవాళ్ళం. డ్రైవరన్న వెనక పొడుగు సీటు మీద దుప్పటి పరిచేవాడు. నేను క్యాష్ బ్యాగు తల కింద పెట్టుకుని, బస్సులో లైటు వేసుకుని చదువుదామని మొదటి రాత్రి పుస్తకం తీశాను. డ్రైవరన్న లేచి కూర్చుని, "బ్యాటరీ దిగిపోతే పొద్దున బండి నువ్వు తోస్తావా, మీ యూనివర్సిటీ వాళ్ళొచ్చి తోస్తారా?" అన్నాడు. మర్నాటి నుంచి టీ హోటలాయన దగ్గర లాంతరు అడిగి తెచ్చుకున్నాను. గుడి అరుగు మీద కూర్చునేవాణ్ణి. దోమలకి కాళ్ళు లుంగీలో దోపుకుని, ఒక చేత్తో పేజీ, ఒక చేత్తో తువ్వాలు.

ఆ డ్రైవరన్న నాలుగో తరగతితో ఆపేసినవాడు. ఒక రాత్రి "అంత కష్టపడి ఏం చదువుతున్నావో నాకూ చెప్పు" అన్నాడు. ఫ్రెంచి విప్లవం చెప్పాను. 1789లో పారిస్ జనం బాస్టిల్ కోట మీద పడ్డ దాకా వచ్చి ఆపాను. నేను చదివింది అంతవరకే. "మరి రాజుని ఏం చేశారు?" అన్నాడు. "రేపు చెబుతా" అన్నాను. ఆ రేపటి కోసం చదవక తప్పలేదు. 1793లో రాజు తల తీశారని చెబితే, "నాలుగేళ్ళు ఆగారా?" అని ఆశ్చర్యపోయాడు. ఆ ప్రశ్నకి జవాబు కోసం ఇంకో రెండు పాఠాలు చదివాను. ఒళ్ళు నొప్పులుగా ఉన్న రోజు, టిక్కెట్లు చెక్ చేసే స్క్వాడ్ వాళ్ళతో మాటలు పడ్డ రోజు కూడా చదివానంటే సరస్వతీ దేవి దయ కాదు, వెనక సీటు మీద పడుకుని "ఊఁ, తర్వాత?" అనేవాడు ఒకడున్నాడు.

చదివింది చెప్పడం మొదలుపెట్టాక ఇంకో అలవాటు వచ్చింది. టిక్కెట్ల ట్రే ఉన్న రోజుల్లో స్టేజీ స్టేజీకీ ఎస్.ఆర్. అనే లెక్కల కాగితం మీద ఏ రేటు టిక్కెట్టు ఏ నంబరు దాకా తెగిందో రాసి మూసేవాళ్ళం. నాలుగు స్టేజీలు కలిపి ఒకేసారి రాద్దామనుకున్నవాడు చెకింగ్‌లో దొరికిపోయేవాడు. పాఠం కూడా అలాగే మూసేవాణ్ణి. అది అవగానే పుస్తకం చూడకుండా నాలుగు ముక్కలు రాసి తేదీ వేయడం, అంతే. నువ్వు కూడా అలా చేయి. నోట్స్ అందంగా రాయాలని చూడకు, అందంగా రాయడం మొదలుపెట్టావంటే నాకు మళ్ళీ నిద్రపట్టదు.

నీకు అలాంటి మనిషి ఒకరు కావాలి. మెచ్చుకునేవాళ్ళు వద్దు. స్టేటస్ పెట్టావట కదా, డిగ్రీలో చేరానని? మీ పెద్దమ్మ చూపించింది. వందమంది శుభాకాంక్షలు చెబితే మనసు నిండిపోయి, ఆ రోజుకి చదవకపోయినా చదివినట్టే ఉంటుంది. పైగా రేపు ఒక పేపరు పోతే ఆ వందమందికీ జవాబు చెప్పాలన్న టెన్షన్ ఒకటి. ఆ స్టేటస్ ఎలాగూ పోయింది కాబట్టి ఇక దాని ఊసెత్తకు. నీకు కావలసింది తర్వాత ఏమైందని అడిగే మనిషి. నన్నడిగితే మీ అత్తగారు. ఉలిక్కిపడకు. ఆవిడ ఒకసారి వార్డు మెంబరుగా చేసింది కదా? రాజనీతిశాస్త్రంలో పంచాయతీరాజ్ పాఠం వస్తుంది. 1957లో బల్వంతరాయ్ మెహతా కమిటీ ఏం చెప్పింది, 1959లో నెహ్రూ వచ్చి మన షాద్‌నగర్‌లో పంచాయతీరాజ్ ఎలా మొదలుపెట్టాడు, 1992లో రాజ్యాంగం 73వ సవరణతో ఆడవాళ్ళకి మూడో వంతు సీట్లు ఎలా వచ్చాయి, ఇవన్నీ ఆవిడకి చెప్పు. ఆ సవరణ లేకపోతే ఆవిడ ఆ కుర్చీలో కూర్చునేది కాదు. ఆవిడ ఊరుకుంటుందా, సర్పంచి తనని సంతకానికి మాత్రమే పిలిచిన సంగతి నుంచి మొదలుపెట్టి పుస్తకంలో లేనివన్నీ నీకు చెబుతుంది. పరీక్షలో అవి రాస్తే మార్కులు వేస్తారో లేదో కానీ, పాఠం మాత్రం చచ్చినా మర్చిపోవు. రాత్రి గిన్నెలు తోముకునేటప్పుడు చెప్పుకోండి ఇద్దరూ.

ఇంగ్లీషు గురించి నాకు భయముంది, దాచను. మన ఇంట్లో రెండు పేపర్లు పోయింది దాంట్లోనే. నువ్వు దాన్ని రాత్రి పదింటికి పెట్టుకున్నావు, అంటే అన్నీ అయ్యాక మిగిలిన నిద్రమొహం దానికి. తిరగేసి పెట్టు. పిల్లలు బడికి వెళ్ళాక, మిషన్ మూత తీయకముందు, మొదటి అరగంట దానికివ్వు. పెద్దాడి ఇంగ్లీషు పుస్తకం కూడా పక్కన పెట్టుకో, సిగ్గుపడకు. వాడికి నేర్పుతున్నట్టు నటిస్తూ నేర్చుకో. ఇంకో సంగతి, అది పోతే ఆ ఒక్క పేపరే మళ్ళీ రాయి. నవ్వేవాళ్ళు నవ్వుతారు, ఫీజు కట్టి రాయి. ఎన్నేళ్ళలోపు అన్నీ పూర్తి చేయాలన్న గడువు ఒకటుంటుంది, అది ప్రాస్పెక్టస్‌లో చూసి క్యాలెండరు మీద రాసుకో. మీ నాన్న ఆ పేజీ చదవలేదు.

ఒకవేళ రెండో ఏడు వచ్చేసరికి ఈ చదువు నీకు నచ్చలేదనుకో, లేదా పిల్లల చదువులతో నీ వల్ల కాలేదనుకో, మానేయొచ్చు. నిజంగానే అంటున్నాను. ఎవరి దగ్గరా పరువు పోదు. కానీ "మానేశాను" అని నోటితో చెప్పి మానేయ్. నాకు ఫోన్ చేసి చెప్పు, ఆ మాటకి నేను కోప్పడను. పుస్తకాలు కావలసిన వాళ్ళకి ఇచ్చేద్దాం, ఆ పూటకి బిర్యానీ తెప్పించుకుందాం. ఉగాదికీ ఉగాదికీ మధ్య వేలాడుతూ ముప్పై ఏళ్ళు గడిపిన మనిషిని నేను తమ్ముడిగా చూశాను. యూనివర్సిటీ మాట వస్తే వాడు ఇప్పటికీ లేచి బయటికి వెళ్ళిపోతాడు. నువ్వలా లేచి వెళ్ళిపోవడం చూడలేను.

"ఇప్పుడు డిగ్రీ దేనికి" అని అడిగేవాళ్ళు ఉంటారు. నన్నూ అడిగారు. నాకు ప్రమోషన్ సర్వీసు లెక్కన వచ్చింది, డిగ్రీ వల్ల కాదు. జీతంలో రూపాయి పెరగలేదు. ఏం పెరిగిందో అడిగినవాళ్ళకి చెప్పడం నాకు చేతకాలేదు, చెప్పాల్సిన అవసరమూ కనబడలేదు. నువ్వూ చెప్పకు. మిషన్ చప్పుడులో వినబడలేదను.

అల్లుడితో ఒక మాట మాట్లాడాలి. రాత్రి ఎనిమిది నుంచి తొమ్మిది దాకా పిల్లల్ని చూసుకోవడం ఆయన పని అని నేనే చెబుతాను, నువ్వు చెబితే మొహమాటపడతావు. మంచివాడే, అడగందే తోచదు, అంతే. మన ఇళ్ళల్లో మగవాళ్ళందరిదీ అదే జబ్బు, నాతో కలిపి.

పరీక్షలు ఖమ్మంలో పడితే ముందు రోజు సాయంత్రమే పిల్లలతో సహా వచ్చెయ్. పొద్దున బస్సుల్ని నమ్ముకోవద్దు, ఇది మాజీ కండక్టరు చెబుతున్న మాట. పిల్లల్ని మీ పెద్దమ్మ చూసుకుంటుంది, సెంటర్ దాకా నేను దింపుతాను. చిన్నదానికి ఏ పాలు పడతాయో ముందే చెప్పు, తెచ్చి పెడతాను. హాల్ టికెట్ రెండు కాపీలు తీయించు, ఒకటి మా ఇంట్లో ఉంటుంది.

మీ
పెదనాన్న